మూడు తాళాల గది

చీటీల అమ్మాయి మూడోసారి ఊళ్ళోకి వచ్చిన రోజు తాళాల మేస్త్రీ బడి గదిలో వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చున్నవాడు తలూపుతాడు, తలూపినవాడి చేత సంతకం పెట్టిస్తారు. అది అతని అనుభవం.

ఆ అమ్మాయికి ఆ పేరు ఊరు పెట్టింది. వరద సాయం చేసే సంస్థ తరఫున వచ్చేది. ఏది అడగాలన్నా రంగు చీటీలు పంచి, "మీ మనసులో ఉన్నది రాయండి, రాయడం రాకపోతే బొమ్మ వెయ్యండి" అనేది. మొదటిసారి ఊరికి ఏం కావాలని అడిగింది. అందరూ తలా ఒకటి రాశారు. మేస్త్రీ తన పసుపు చీటీ ఖాళీగా మడిచి ఇచ్చాడు. ఏం కావాలో తెలియకుండానే ఇంత దూరం ఎందుకొచ్చిందని అతని అనుమానం.

ఈసారి సంగతి గోదాము. ఊరి చివర మిట్ట మీద రేకుల గది కట్టారు. వానలకి ముందే అందులో సెలైన్ సీసాలు, ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు, నీళ్ళలో వేసే బిళ్ళలు, దుప్పట్లు, మోకులు పెడతారు. ఏరు పొంగి దారి తెగితే పట్నం నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఊరే తెరుచుకుంటుంది, ఊరే పంచుకుంటుంది.

"గది మీది. సరుకు మీది. తాళంచెవులు కూడా మీ దగ్గరే," అంది ఆ అమ్మాయి.

"పోయినసారి వాళ్ళు కూడా ఇంతకంటే తియ్యగా మాట్లాడారమ్మా," అన్నాడు మేస్త్రీ వెనక నుంచి. "వాళ్ళ నోటికి తాళం లేదు. గదికి మాత్రం వేసుకుపోయారు."

అందరూ నేల చూపులు చూశారు. ముందు వరసలో కూర్చున్న కొట్టు యజమాని మాత్రం మెడ తిప్పకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. అతను మేస్త్రీకి బావమరిది. చచ్చిపోయిన భార్యకి సొంత తమ్ముడు. ఇద్దరికీ మాటల్లేక ఆరేళ్ళు.

ఆరేళ్ళ కిందట ఇదే బడి గదిలో వేరే సంస్థవాళ్ళు సరుకు పెట్టారు. ఊళ్ళో కమిటీ వేశారు, బావమరిది దానికి కార్యదర్శి. పేరుకి కమిటీ ఊరిది, తాళంచెవి పట్నం ఆఫీసుది. వరద తీసిన మూడో రోజు కింది వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మేస్త్రీ భార్యని బడి వరండాలో పడుకోబెట్టారు. మందు తలుపుకి అవతల, మనిషి ఇవతల. మధ్యలో తాళం. ఆ తాళం మేస్త్రీ చేసిందే.

సంచిలో ఉలి ఉంది, సుత్తి ఉంది. నాలుగు దెబ్బల పని. తాళంచెవి తేవడానికి పట్నం వెళ్ళిన బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పగలగొట్టకు. ఊరంతటి మీదా కేసవుతుంది. ఆఫీసరు సంతకం పెడుతున్నాడు. ఒక్క గంట. ఒక్క గంటలో నీ ముందుంటాను."

మేస్త్రీ నమ్మాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని తాళం ఎదురుగా కూర్చున్నాడు. ఆ గంట మూడు గంటలైంది. వంతెన మీదికి నీళ్ళొచ్చాయని, చుట్టూ తిరిగొచ్చానని తర్వాత బావమరిది చెప్పాడు. నిలువునా తడిసి, తాళంచెవి పిడికిట్లో పట్టుకుని వచ్చేసరికి ఆవిడ కళ్ళు మూతలు పడి చాలాసేపైంది.

"వాడికీ అక్కే కదయ్యా, వాడు మాత్రం కావాలని చేస్తాడా?" అని ఊరు నచ్చజెప్పింది. అక్క పోయినవాడు కొట్టు తెరుచుకున్నాడు. భార్య పోయినవాడు ఇంట్లో దీపం తనే పెట్టుకున్నాడు. ఆ తేడా ఊరికి అర్థం కాలేదు. మేస్త్రీ చెప్పనూ లేదు. ఆ రోజు నుంచి మాత్రం ఎవరి మాటనీ అతను ఇంట్లోకి రానివ్వలేదు. గుమ్మం బయటే నిలబెట్టి, తిప్పి తిప్పి చూసి పంపేవాడు.

"మూడు తాళాలు, మూడు తాళంచెవులు," చీటీల అమ్మాయి వివరించింది. "మూడు వేరే వేరే ఇళ్ళల్లో ఉండాలి. ముగ్గురూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది."

ఆస్పత్రి ఉద్యోగం మానుకుని ఊళ్ళో ఉంటున్న నర్సమ్మ లేచింది. అరవై దాటినా గొంతు తగ్గలేదు. "వేరే ఇళ్ళైతే చాలదమ్మా. అన్నదమ్ములు కూడా వేరే ఇళ్ళల్లోనే ఉంటారు, దొంగతనానికి మాత్రం ఒకటవుతారు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళకి ఇవ్వు. అప్పుడు గూడుపుఠాణీ కుదరదు."

గదంతా గొల్లున నవ్వింది. ఊళ్ళో ముఖం చూసుకోనివాళ్ళెవరో చెప్పాల్సిన పని లేదు. చీటీలు పంచారు, పోగు చేశారు, విప్పి చదివారు. మొదట తెరిచిన ఆకుపచ్చ చీటీ మీదే తాళాల మేస్త్రీ అని ఉంది. చివరికి మూడు పేర్లు తేలాయి. మేస్త్రీ, బావమరిది, నర్సమ్మ.

"మీకు సమ్మతమేనా?" ఆ అమ్మాయి అడిగింది.

మేస్త్రీ ఆలోచించాడు. ఇందులో ఏ మెలిక ఉందో తెలియదు. మెలిక లేకుండా మాత్రం ఉండదు. కానీ తను వద్దంటే ఆ చెవి ఇంకెవరికో పోతుంది, అక్కణ్ణించి ఏదో ఒక రోజు పట్నం పోతుంది. "తాళంచెవి మళ్ళీ ఏరు దాటకూడదు," అన్నాడు. "నాకు కావలసింది అదొక్కటే. అది దాటనంత కాలం నేనుంటాను."

తాళాలు కూడా అతని దగ్గరే కొంటామన్నారు. ఇక్కడ దొరికేదాన్ని బయటి నుంచి తేవడం తమ పద్ధతి కాదన్నారు. నోరు కట్టేయడానికి ఇదో దారి కాబోలు అనుకున్నాడు. అయినా చేశాడు. నాలుగేసి మీటల తాళాలు, ఒకదాని చెవి ఇంకోదానికి పట్టదు. ఒక్కో తాళానికి రెండేసి చెవులు. రెండో చెవులు మూడింటినీ ఊరందరి ముందు దాగలి దిమ్మ మీద పెట్టి ఉలితో తెగ్గొట్టాడు. ముక్కలు ఎగిరి సైకిలు షాపతని కాళ్ళ దగ్గర పడ్డాయి.

"చూసుకో మేస్త్రీ, నా వేలు కూడా లెక్కలో వేసుకునేలా ఉన్నావు," అన్నాడు సైకిలు షాపతను.

"నీ వేలికి డూప్లికేటు ఉందిలే."

అక్కడితో నిశ్చింతగా ఉండాల్సింది. వారం కూడా ఉండలేకపోయాడు.

అతని కొలిమి గది ముందు నుంచి చూస్తే బావమరిది కొట్టు కనబడుతుంది. కొట్టు ముందు బల్ల. రోజూ పొద్దున్నే నర్సమ్మ ఆ బల్ల మీద కూర్చుని పేపరు పైకి చదువుతుంది. బావమరిది అద్దాలు పగిలాయట, కొత్తవి వచ్చేదాకా వింటాడట. అద్దాలు రావడానికి ఇన్నాళ్ళా? మూడు తాళంచెవుల్లో రెండు ఒకే బల్ల దగ్గర. మిగిలింది తనదొక్కటి. సబ్బు ముక్క మీద ముద్ర తీసుకుని పట్నంలో ఇస్తే సాయంత్రానికి నకలు చేతిలో పెడతారు. తనే ఎన్ని చేశాడో తనకి తెలుసు.

ఇంకో సంగతి క్యారేజీ. ఈ ఆరేళ్ళూ బావమరిది భార్య రోజూ మధ్యాహ్నం రెండు గిన్నెల క్యారేజీ తెచ్చి దాగలి పక్కన పెట్టి, "అన్నయ్యా, చల్లారకముందే తిను," అని వెళ్ళిపోయేది. మేస్త్రీ ఏనాడూ బదులు చెప్పలేదు, లోపలికి రమ్మనలేదు. మొదటి రెండు రోజులూ ఆ అన్నం వీధి కుక్కకి పెట్టాడు. కుక్క చావలేదు సరికదా నునుపెక్కింది. మూడో రోజు నుంచి తనే తిని, మిగిలింది కుక్కకి వేసి, గిన్నెలు తోమి బయట మేకుకి తగిలించేవాడు. ఇది చెల్లెలు తెస్తోందా, మొగుడు పంపిస్తున్నాడా అనే ప్రశ్న మాత్రం ప్రతి ముద్దకీ అడ్డం పడేది.

ఒక శుక్రవారం మిట్ట ఎక్కాడు. జేబులో లక్క ఉంది, అందులో కాస్త మైనం కలిపాడు. బావమరిది తాళం చెవి రంధ్రంలోకి సన్నటి పుల్లతో లోపలికంటా బియ్యపు గింజంత అద్దాడు. తనకి తెలియకుండా తలుపు తెరవాలంటే ఆ తాళంలో చెవి దూరాలి. దూరితే గింజ చితుకుతుంది. పై శుక్రవారం వెళ్ళి అద్దం ముక్కతో వెలుగు పంపి చూశాడు. గింజ చెక్కుచెదరలేదు.

అది చూసి సంతోషించాల్సింది. అతనికి ఇంకో అనుమానం పుట్టింది. చెవి పెట్టి తీసి, మళ్ళీ లక్క అద్దారేమో. ఇంకో గింజ అద్దాడు, ఈసారి ఇటుక పొడి కలిపి. రంగు తేడా వస్తే పట్టుకోవచ్చు.

అలా ఉండగా కొట్టులో నీలం చారల దుప్పట్లు కనిపించాయి. గోదాములోకి దింపినవి కూడా నీలం చారలవే. మేస్త్రీ ఒళ్ళు మండిపోయింది. పని వదిలేసి మండుటెండలో మిట్ట ఎక్కాడు. లక్క లక్కలాగే ఉంది. కిందికి దిగి కొట్టు ముందు నుంచి నడుస్తూ కళ్ళు చికిలించి చూశాడు. ఈ దుప్పటికి అంచు ఎర్రగా ఉంది. గోదాములో వాటికి తెలుపు. అంచు మార్చి కుట్టించడం ఎంతసేపు? మర్నాడు వెళ్ళి మూడో గింజ అద్దాడు.

చీటీల అమ్మాయి నెలకోసారి వచ్చి ముగ్గురినీ తలుపు దగ్గర నిలబెట్టి, "తెరిచి చూద్దామా?" అనేది.

"సీలు వేసి పెట్టిన సరుకు ఊరికే తెరవడమెందుకు? తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి తగ్గుతుంది," అని మేస్త్రీ అడ్డుపడేవాడు.

"మీ తాళాల మీద మీకే నమ్మకం లేదా?" అని నవ్వేది.

"తాళం మీద ఉంది."

ఆ అమ్మాయి ఏదో చీటీ మీద రాసుకుని వెళ్ళిపోయేది.

గది తలుపు పడమటి వైపు. ఆ ఎండాకాలం రేకులు పెనంలా కాలాయి. తాళాన్ని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. మైనం కలిపిన లక్క ఆ వేడికి ఏమవుతుందో కొలిమి దగ్గర పుట్టి పెరిగిన మనిషికి ఒకరు చెప్పాలా? కానీ అతను శుక్రవారాలు పొద్దున్నే, చల్లటి వేళ వెళ్ళేవాడు. పైనుంచి చూస్తే గింజ కనిపించేది. కరిగి లోపలికి ఎంత జారిందో, మీటల మధ్య ఎక్కడెక్కడ గడ్డ కట్టిందో కనిపించేది కాదు. అతను చూసింది చెయ్యి పెట్టారా లేదా అని. తాళం పనిచేస్తుందా లేదా అని ఒక్కసారీ చూడలేదు.

వానలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చి వదల్లేదు. ఏరు కింది వీధిలోకి వచ్చి రెండు రోజులుండి తీసింది. వంతెన ఒక కొస కూలింది. ఫోన్లు మూగబోయాయి. బావులన్నీ బురద. మూడో రోజు తెల్లవారేసరికి వాంతులు మొదలయ్యాయి. మొదట పడింది బావమరిది భార్య. రెండు రోజులుగా కింది వీధి ముసలివాళ్ళని బడికి చేర్చి, వాళ్ళ దగ్గరే ఉండి, ఏ నీళ్ళు తాగిందో ఏమో. పొద్దెక్కేసరికి నోట్లో పోసిన చుక్క కూడా నిలవడం లేదు.

నర్సమ్మ నాడి చూసి లేచింది. "పొట్లాలతో అయ్యే పని కాదు. సెలైను ఎక్కించాలి. పదండి."

ముగ్గురూ మిట్ట ఎక్కారు. వెనక పాతిక మంది. వాన జల్లు పడుతోంది. ఆరేళ్ళలో మేస్త్రీ, బావమరిది పక్కపక్కన నడవడం అదే మొదటిసారి. ఇద్దరి చెప్పులూ బురదలో ఒకేలా చప్పుడు చేశాయి.

నర్సమ్మ తన తాళం తీసింది. మేస్త్రీ తనది తీశాడు. బావమరిది చెవి పెట్టాడు. సగం దూరి ఆగిపోయింది.

తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. తిప్పబోయాడు. చెవి వంగింది గాని తాళం కదల్లేదు.

మేస్త్రీకి ఆ క్షణమే తెలిసింది. చెవి ఆగిన చోటు, చప్పుడు లేకుండా ఆగిన తీరు. ఇనుము తుప్పు పడితే గరగరమంటుంది. ఇది మెత్తగా ఆగింది. మేస్త్రీ నోరు మాత్రం తెరవలేదు.

"నూనె తెండి," ఎవరో అరిచారు. ఒకరు కిందికి పరుగెత్తారు. నూనె వచ్చింది, పోశారు. లక్కకి నూనె ఏం చేస్తుంది? బావమరిది పళ్ళ బిగువున తిప్పుతున్నాడు.

"అదేం తాళంచెవి?" సైకిలు షాపతను ముందుకొచ్చాడు. "అసలుదేనా, లేక మార్చేశావా? లోపల సరుకు ఉందా లేదా? తాళం చూపించడానికేనా?"

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు బావమరిది. "కింద చావుబతుకుల్లో ఉన్నది నా పెళ్ళాం."

"పోయినసారి పోయింది నీ అక్క. అప్పుడూ ఇలాగే చెప్పావు."

"నీలం దుప్పట్లు ఎక్కడివో అప్పుడే అడగాల్సింది," ఇంకో గొంతు.

మేస్త్రీ వింటున్నాడు. ఆరేళ్ళుగా అతని లోపల తిరుగుతున్న మాటలన్నీ ఇప్పుడు ఊరి నోట్లోంచి వస్తున్నాయి. ఒక్కటీ వదలకుండా, వరస తప్పకుండా. ఎప్పటి నుంచో వినాలనుకున్నవే. వింటుంటే మాత్రం నోట్లో ఇటుక పొడి పడ్డట్టు ఉంది. నేనే లక్క పోశానని ఒక్క మాట. ఆ మాట నాలుక దాకా వచ్చింది, వెనక్కి పోయింది. ఇంకాసేపు తిప్పితే వస్తుందేమో. వస్తే చెప్పాల్సిన పనే ఉండదు.

"మేస్త్రీ, నువ్వు చూడవయ్యా, నువ్వు చేసిందేగా," నర్సమ్మ కసిరింది.

సన్నటి ఇనప కమ్మీ తీసి తాళంలో ఆడించాడు, ఏమీ తెలియనట్టు. కమ్మీ కొసకి ఎర్రటి నలుసు అంటింది. ఎవరూ చూడకుండా పంచెకి తుడిచాడు. "బిగుసుకుంది," అన్నాడు.

"పగలగొట్టెయ్యండి," అంది నర్సమ్మ.

"ఆగండాగండి," అన్నాడు సైకిలు షాపతను. "మనం పగలగొడితే సరుకు మనమే కాజేశామంటారు. సంస్థవాళ్ళ పడవ అవతలి గట్టుకి వచ్చిందట. ఒక్క గంట ఆగితే ఆ అమ్మాయే వస్తుంది. ఆవిడ ముందే పగలగొడదాం."

కొందరు తలూపారు. కేసన్న మాట ఎవరో అన్నారు. బావమరిది చెవి వదిలేసి, తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు బావమరిది కూతురు మిట్ట కింద నుంచి కేక వేసింది. "నాన్నా! అమ్మ కళ్ళు తేలేస్తోంది!"

మేస్త్రీ భుజాన సంచి ఉంది. ఆరేళ్ళుగా అది లేకుండా గుమ్మం దాటలేదు. ఉలి అందులోనే ఉంది. అప్పుడూ అందులోనే ఉంది.

"తప్పుకో," అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. బావమరిది తప్పుకున్నాడు. సైకిలు షాపతను చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో తోశాడు. ఉలి గొళ్ళెం మీద ఆనించాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి గొళ్ళెం తెగి తాళం బురదలో పడింది.

లోపల అన్నీ సీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. దుప్పట్లకి తెల్లంచు. నర్సమ్మ సీసాలు ఒళ్ళో వేసుకుని కిందికి పరుగెత్తింది. జనం ఆమె వెనక వెళ్ళారు. మేస్త్రీ వంగి తాళం తీసి, బురద తుడవకుండానే సంచిలో వేసుకున్నాడు.

బావమరిది భార్య బతికింది. నాలుగు సీసాలు ఎక్కిన తర్వాత కళ్ళు తెరిచింది. ఆ వారంలో ఊళ్ళో పద్దెనిమిది మంది పడ్డారు, పద్దెనిమిది మందీ లేచారు. గది ఊళ్ళో ఉండబట్టే లేచారని అందరూ అన్నారు. ఆ మాట వెనకే, కొట్టు యజమాని చెవి మార్చాడన్న మాట కూడా ఇంటింటికీ తిరిగింది. కొట్టు బల్ల మీద నర్సమ్మ తప్ప ఎవరూ కూర్చోవడం లేదు.

పదిహేను రోజులకి చీటీల అమ్మాయి వచ్చింది. ఈసారి ఒంటరిగా రాలేదు. పట్నం నుంచి పెద్ద సారు వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. బడి గదిలో అందరినీ నవ్వుతూ పలకరించాడు. మేస్త్రీ అదే వెనక గోడకి ఆనుకున్నాడు. బావమరిది భార్య కూతురి భుజం పట్టుకుని వచ్చి, తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది. సగానికి సగం చిక్కిపోయింది.

"మేం ఎవరినీ తప్పు పట్టడం లేదు," అన్నాడు పెద్ద సారు. "సరుకు బాగా వాడారు, సంతోషం. కానీ తాళం పగిలింది. అది ఎందుకు తెరుచుకోలేదో ఇక్కడ ఒకరు ఒకటి చెబుతున్నారు, ఇంకొకరు ఇంకోటి. పగిలిన తాళం కూడా కనిపించడం లేదంటున్నారు. మీ మధ్య ఇన్ని అనుమానాలుంటే మీ మీదే అంత భారం పెట్టడం మాకూ ధర్మం కాదు. అందుకని కొన్నాళ్ళు తాళంచెవులు మా పట్నం ఆఫీసులో ఉంచుదామనుకుంటున్నాం. అవసరమైనప్పుడు ఒక్క ఫోన్ చేస్తే చాలు, గంటలో..."

చీటీల అమ్మాయి తల దించుకుంది. ఆమెకి ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. మేస్త్రీ ఈ పదిహేను రోజుల్లో తనకి తాను వంద సమాధానాలు చెప్పుకున్నాడు. వానకి బిగుసుకుందని. ఇనుము మంచిది కాదని. బావమరిదికి ఈ నింద దక్కాల్సిందేనని, ఆరేళ్ళ కిందట దక్కాల్సింది ఇప్పుడు దక్కిందని. ఆ చివరి మాటతో కొన్ని పూటలు హాయిగా నిద్రపోయాడు కూడా. గంట అన్న మాట చెవిన పడేసరికి అవన్నీ కొట్టుకుపోయాయి.

నడిచి ముందుకొచ్చాడు. సంచిలోంచి గుడ్డ మూట తీసి పెద్ద సారు ముందు బల్ల మీద విప్పాడు. తాళం. వైసులో బిగించి రంపంతో నిలువునా కోసింది. మీటల మధ్య ఎర్రటి గడ్డ, ఎండిన నెత్తురులా.

"ఇదేమిటి?"

"లక్క. మైనం, ఇటుక పొడి. నేనే పోశాను."



"ఎందుకు పోశారు?" చీటీల అమ్మాయి అడిగింది.

"వాడు దొంగచాటుగా తెరుస్తాడేమో పట్టుకుందామని. తెరవలేదు. తలుపు దగ్గర నిలబడినప్పుడే నాకు తెలుసు, చెప్పలేదు. చెవి మార్చలేదు వాడు. వాడి చెవి మంచిదే. తప్పు నాది. దానికి ఊరి చేతిలోంచి చెవులు లాక్కోనక్కర్లేదు. ఏరు దాటించకండి. నా చెవి తీసేసుకోండి."

సైకిలు షాపతను ఏదో అనబోయి, తను ఆ రోజు అన్నవి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

తలుపు పక్క కుర్చీలోంచి ప్రశ్న వచ్చింది. "ఎంతసేపన్నయ్యా?"

మేస్త్రీ అటు తిరిగాడు. ఆరేళ్ళలో ఆవిడ ముఖం నిండా చూడటం అదే మొదలు.

"తెలిసి కూడా చెప్పకుండా నిలబడింది ఎంతసేపు?"

"అరగంట."

"నా ప్రాణమంతా ఆ అరగంటలోనే ఉంది," అందామె. గొంతు పెంచలేదు. ఏడవలేదు.

పెద్ద సారు గొంతు సవరించుకున్నాడు. "మరి ఇలాంటప్పుడు..."

"మీరాగండి సారూ," అందామె. "ఇది మా ఊళ్ళో తేలాలి. తాళం మళ్ళీ అన్నయ్యే చెయ్యాలి. అంత గట్టి తాళం ఇంకెవరూ చెయ్యలేరు. చెవి మాత్రం అన్నయ్యకి వద్దు. మా ఇంటికీ వద్దు. మా రెండిళ్ళ పగ తలుపుకి తగిలించుకుని ఊరు బాగానే నవ్వుకుంది. ఇక చాలు. నెలకోసారి మూడు తాళాలూ తెరిచి చూడాలి, వద్దనడానికి ఎవరికీ వీల్లేదు."

చీటీలు పంచలేదు. చేతులెత్తమన్నారు, ఎత్తారు. నర్సమ్మ చెవి నర్సమ్మ దగ్గరే ఉంది. రెండోది సైకిలు షాపతనికి, మూడోది బడి ఆయాకి. పెద్ద సారు ఏదో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చీటీల అమ్మాయి మేస్త్రీ వైపు చూసింది. అతను ఆ చూపు తీసుకోలేదు.

బయట వరండాలో బావమరిది ఎదురుచూస్తున్నాడు. ఆరేళ్ళ కిందట మేస్త్రీ భార్యని పడుకోబెట్టిన చోటే.

"ఆ మొదటి చీటీ నాది, బావా. ఆకుపచ్చది. నీ పేరు రాసింది నేనే."

"ఎందుకు?" మాట అతని ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

"నువ్వు కాపలా ఉంటే ఈసారి నన్ను దొంగ అనేవాడు ఉండడని."

మేస్త్రీ అతన్ని కిందికీ పైకీ చూశాడు. అబద్ధం కాదు. మంచితనం కూడా కాదు. చెరో వైపు నడిచారు. ఆ తర్వాత కూడా వాళ్ళు మాట్లాడుకోలేదు.

కొత్త తాళం వారంలో తయారైంది. రెండో చెవిని మళ్ళీ ఊరి ముందు దాగలి మీద తెగ్గొట్టాడు. మొదటి చెవి సైకిలు షాపతని చేతిలో పెట్టాడు. పెడుతున్నప్పుడు అతని వేళ్ళకేసి, చొక్కా జేబుకేసి, జేబుకి చిరుగు ఉందేమోనని చూశాడు. అలవాటు.

మర్నాడు మధ్యాహ్నం దాగలి పక్కన క్యారేజీ లేదు. ఆ మర్నాడూ లేదు. ఆవిడ ఇంకా కోలుకోలేదేమో అనుకున్నాడు. మూడో రోజు వీధిలోకి చూస్తే, కొట్టు ముందు నిలబడి ఎవరితోనో నవ్వుతూ సరుకు తూస్తోంది. ఇటు చూసింది. చూసి మళ్ళీ తూకంలో పడింది.

అది సబబే అనిపించింది మేస్త్రీకి. రెండు గంటల ఆలస్యాన్ని తను ఆరేళ్ళు మన్నించలేదు. అరగంటని ఆవిడ ఎందుకు మన్నించాలి?

శుక్రవారం పొద్దున్న మిట్ట ఎక్కాడు. జేబులో లక్క లేదు. మూడు తాళాలూ వరసగా ఉన్నాయి. ముట్టుకోలేదు. దూరం నుంచే చూసి దిగిపోయాడు. మధ్యాహ్నం కొలిమి గది ముందు కుక్క దాగలి పక్కన కూర్చుని ఉంది. అలవాటైన వేళకి వచ్చి, ఖాళీ మేకు వైపు చూస్తోంది.

"ఇక రాదు," అన్నాడు దాంతో. "నువ్వు కూడా పో."

కుక్క నమ్మలేదు. అక్కడే కూర్చుంది.